బజారు వీధిలో ఇల్లు, కొట్టు: గోదావరి డెల్టా పట్టణాల వ్యాపార కేంద్రాలలో భూవినియోగ పరిణామం

వ్యాససంగ్రహం

గోదావరి డెల్టా పట్టణాలలో బజారు వీధి చాలాకాలం పాటు వ్యాపారానికీ నివాసానికీ ఉమ్మడి స్థలంగా ఉండేది. ముందు కొట్టు, వెనుకనో మేడమీదనో కుటుంబం ఉండే కట్టడం ఆ వీధికి మూలరూపం. ఇటీవలి దశాబ్దాలలో ఈ వీధుల నుంచి నివాసం క్రమంగా తొలగిపోతోంది. ఈ మార్పు కేవలం వ్యాపార లాభం వల్ల వచ్చిందనుకోవడం పరిపాటి. అద్దె చట్టం, ఆస్తి పన్ను, విద్యుత్ ధరల వర్గీకరణ, భవన నిర్మాణ నిబంధనలు కూడా ఇందులో పాత్ర వహిస్తున్నాయి. సన్నని పాత స్థలాలలో చట్టబద్ధమైన పునర్నిర్మాణం కష్టం కావడంతో, గోడలను అలాగే ఉంచి లోపలి వినియోగాన్ని మార్చే పద్ధతి స్థిరపడింది. రాజమహేంద్రవరం, అమలాపురం పట్టణాలు ఉదాహరణలుగా ఈ పరిణామ క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోదావరి డెల్టా, బజారు వీధి, మిశ్రమ వినియోగం, భూవినియోగ ప్రణాళిక, అద్దె నియంత్రణ, ఆస్తి పన్ను, రాజమహేంద్రవరం, అమలాపురం.

1. ఉపోద్ఘాతం

పట్టణ ప్రణాళికా పటాలలో నివాస ప్రాంతం ఒక రంగులోనూ, వాణిజ్య ప్రాంతం మరో రంగులోనూ కనిపిస్తాయి. పటాన్ని చూసినవారికి ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉండవలసిన విషయాలుగా తోస్తాయి. కానీ డెల్టాలోని ఏ పాత పట్టణంలోనైనా ప్రధాన బజారులో నిలబడి చూస్తే ఈ రంగుల విభజన నిలవదు. కింద బట్టల కొట్టు, దానిపై ఆడిటర్ కార్యాలయం, ఆపై అంతస్తులో తులసికోట, ఆరవేసిన బట్టలు, వెనుక సందులోకి తెరుచుకునే వంటిల్లు ఒకే డోర్ నంబరు కింద ఉండడం ఇక్కడ సాధారణం.

అందువల్ల “ఈ వీధి నివాసానికా, వ్యాపారానికా?” అన్న ప్రశ్న డెల్టా పట్టణాలకు సరిగా అతకదు. ఏ అంతస్తు దేనికి, ఎంత లోతు వరకు దేనికి, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నవి ఇక్కడ అసలు ప్రశ్నలు. వీటికి వచ్చే జవాబులను బట్టి ఆ వీధిలో పుట్టిపెరిగిన వృద్ధుల నివాసం, చిన్న అద్దెదారుల జీవనోపాధి, పురపాలక సంఘం ఆదాయం, అగ్నిప్రమాదాల నుంచి రక్షణ అన్నీ మారిపోతాయి. విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు పాత కేంద్రం దెబ్బతిన్నా మరో కేంద్రం ఉంటుంది. యాభై అరవై వేల జనాభా గల పట్టణానికి సాధారణంగా ఉండేది ఒకే బజారు. ఈ కారణంగా చిన్న పట్టణాల వ్యాపార కేంద్రాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసి ఉంది.

2. డెల్టాలో బజారు వీధి రూపొందిన తీరు

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా వ్యవసాయాన్ని మార్చినంతగా పట్టణాల స్వరూపాన్నీ మార్చింది. కాలువలు నీటితోపాటు పడవలనూ తెచ్చాయి. ధాన్యం, కొబ్బరి, బెల్లం, కలప కాలువ మార్గాన సాగాయి. పడవ ఆగిన రేవు దగ్గర గిడ్డంగి, గిడ్డంగి నుంచి ఊళ్ళోకి వెళ్ళే దారి పొడవునా కొట్లు వెలిశాయి. డెల్టా పట్టణాలలో అనేకచోట్ల ప్రధాన వీధి కాలువ వంతెన దగ్గర మొదలు కావడానికి ఇదే కారణం. అమలాపురంలో నల్ల వంతెన, ఎర్ర వంతెన నేటికీ దిక్కులు చెప్పుకునే గుర్తులు. పట్టణ వ్యాపారానికి నడిబొడ్డు గడియార స్తంభం కూడలి.

రాజమహేంద్రవరం కథ కొంత భిన్నం. అది కాలువ పట్టణం కావడానికి ఎంతో ముందే కోట పట్టణం, నదిని దాటే రేవు పట్టణం. పాత కోట ద్వారం పేరు కోటగుమ్మంగా నిలిచింది. దాని పరిసరాలూ మెయిన్ రోడ్డూ కలిసి పాత వ్యాపార కేంద్రం అయింది. 1900లో గోదావరిపై హేవలాక్ రైలు వంతెన ప్రారంభమైంది. 1974లో కొవ్వూరుతో కలుపుతూ రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. పడవ దిగి నడిచివచ్చే కొనుగోలుదారు స్థానంలో రైలు దిగినవారు, ఆ తర్వాత బస్సు దిగినవారు చేరారు. గోదావరి స్టేషన్, కోటిపల్లి బస్టాండ్ పాత పట్టణానికి దగ్గరగా ఉండడం వల్ల కేంద్రం వెంటనే చెదరలేదు.

ఈ పట్టణాలకు మరొక సమాన లక్షణం ఉంది. చుట్టూ ఉన్నది మాగాణి. భూమి ఖరీదైనది, పల్లమైనది, కాలువలతో విభజితమైనది. మెట్ట ప్రాంతపు పట్టణంలా నాలుగు దిక్కులా విస్తరించే వీలు డెల్టా పట్టణానికి తక్కువ. అది రోడ్ల వెంటా కాలువ గట్ల వెంటా సన్నగా సాగుతుంది. భూగర్భజలం పైపైనే ఉండడంతో నేల కింద సెల్లారు తవ్వడం ఖర్చుతో కూడిన పని. తవ్వాక నీటిని ఆపుకోవడం ఇంకో పని. పక్కకు విస్తరించలేక, కిందికి దిగలేక కేంద్రస్థానంలో ఒత్తిడి అంతా పై అంతస్తుల మీద పడుతుంది. డెల్టా పట్టణాలలో నివాస, వాణిజ్య వినియోగాల పోటీ అంతస్తుల మధ్య పోటీగా మారడానికి ఈ భౌగోళిక స్థితి ఒక ముఖ్య కారణం.

3. కొట్టుతో కూడిన ఇల్లు: నిర్మాణం, జీవనం

పాత బజారు వీధి స్థలాలు వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా ఉంటాయి. వీధి ముఖం విలువైనది కనుక దానిని ఎక్కువమంది పంచుకోవాలన్న ఒత్తిడి ఒకటి, తరతరాల పంపకాలలో స్థలాన్ని నిలువుగా చీల్చుకోవడం మరొకటి ఈ ఆకారానికి కారణాలు. వీధివైపు అరుగు, దాని వెనుక కొట్టు, ఆపై సరుకు గది, మధ్యలో గాలి వెలుతురు కోసం మండువా, చివర వంటిల్లు, పెరడు, నుయ్యి అన్నది సాధారణమైన వరుస. స్తోమత పెరిగినప్పుడు మేడ లేచింది. కుటుంబం పైకి వెళ్ళింది, కింద భాగం మొత్తం వ్యాపారానికి దక్కింది.

ఈ అమరికకు తనదైన ఆర్థిక తర్కం ఉంది. సరుకుకు వేరే కాపలా అక్కరలేదు. భోజనానికి కొట్టు కట్టేయనక్కరలేదు. పొద్దుపోయాక వచ్చిన రైతుకు తలుపు తీయవచ్చు. పద్దులు రాయడం, సరుకు శుభ్రం చేయడం, పొట్లాలు కట్టడం వంటి పనులలో ఇంటి ఆడవారి శ్రమ జీతం లేకుండా కలిసింది. ఇల్లు, కొట్టు ఒకే ఆస్తి కావడంతో అప్పు ఇచ్చేవారికి అది బలమైన హామీ అయింది. రాజమహేంద్రవరంలో ఇన్నీసుపేట, జాంపేట, ఆర్యాపురం పేర్లతో సహకార అర్బన్ బ్యాంకులు ఏర్పడడం గమనించదగినది. నివాస పేట, వ్యాపార పరపతి ఎంత దగ్గరగా అల్లుకుని ఉండేవో ఆ పేర్లే చెబుతాయి.

వ్యాపారులు ఉన్నచోటే ప్రజా సంస్థలూ వెలిశాయి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1890లో నెలకొల్పిన టౌన్ హాలు, సత్రాలు, గ్రంథాలయాలు పాత పట్టణ జీవితంలో భాగం. సాయంత్రం కొట్టు కట్టేశాక నడిచి వెళ్ళగల దూరంలో సభ ఉండడం వల్ల సభకు జనం చేరారు. పట్టణ కేంద్రంలో నివాసం ఉన్నందువల్ల ఏర్పడిన ప్రజాజీవితం అది.

అయితే ఈ వీధిని ఆదర్శంగా చిత్రించడం పొరపాటు అవుతుంది. బజారు వీధిలో ఇల్లు అందరికీ అందుబాటులో ఉండేది కాదు. వర్తక కులాలవారికీ, వారికి ఆమోదయోగ్యులైనవారికీ మాత్రమే అక్కడ చోటు దక్కింది. దళితులకు ఆ వీధిలో ఆస్తి మాట అటుంచి, అద్దె వాటా దొరకడమే అసాధ్యంగా ఉండేది. హమాలీలు, బండి తోలేవారు, పాకీ పనివారు వీధిని నడిపించారు కానీ వీధిలో నివసించలేదు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన వాణిజ్య సముదాయాలలో డబ్బు కట్టగల ఎవరైనా కొట్టు అద్దెకు తీసుకునే అవకాశం కొంతమేరకు పెరిగింది. మిశ్రమ వినియోగాన్ని సమర్థించే వాదం ఈ చరిత్రను మరచిపోకూడదు.

4. చట్టం చేసిన విభజన

ఇల్లు, కొట్టు ఒకే కప్పు కింద ఉన్న కట్టడాన్ని చట్టం మొదటినుంచీ రెండుగా చూసింది. ఈ విభజన నాలుగు మార్గాలలో జరిగింది.

4.1. ప్రణాళికా చట్టం

స్కాటిష్ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడెస్ 1914-15 ప్రాంతంలో మద్రాసు రాజధానిలోని పట్టణాలను పరిశీలించాడు. పాత బజార్లను కూలగొట్టి వెడల్పు రోడ్లు వేయడాన్ని ఆయన వ్యతిరేకించాడు. ఉన్నదాన్ని వీలైనంత కాపాడుతూ, అవసరమైన చోట మాత్రమే కొద్దిగా తొలగించాలన్నది ఆయన పద్ధతి. 1918లో లాంచెస్టర్ మద్రాసు పట్టణ ప్రణాళికపై గ్రంథం ప్రచురించాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా దక్కిన చట్టం ఇదే. ఆచరణలో గెడెస్ సూచించిన ఓర్పు కంటే రోడ్డు విస్తరణ రేఖ, వినియోగ విభజన పటం ఎక్కువగా నిలిచాయి.

వినియోగాలను విడదీసే జోనింగ్ పద్ధతికి 1926లో అమెరికా సుప్రీంకోర్టు యూక్లిడ్ గ్రామం కేసులో ఆమోదముద్ర వేసింది. ఇళ్ళ మధ్యకు కర్మాగారాలు రాకుండా ఆపడం దాని మూలోద్దేశాలలో ఒకటి. కర్మాగారాన్ని ఇంటి నుంచి వేరుచేయడానికి పుట్టిన భావన, కిరాణా కొట్టును దాని యజమాని పడకగది నుంచి వేరుచేయడానికి అంతగా సరిపడదు. భారతదేశంలో 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలు ద్వారా భూవినియోగ నియంత్రణను పురపాలక సంఘాలకు అప్పగించదగిన విషయంగా పేర్కొంది. ఆచరణలో పట్టణాభివృద్ధి సంస్థల పాత్ర పెరిగింది. 2017లో కాకినాడ కేంద్రంగా గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

4.2. అద్దె చట్టం

1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం నివాస భవనాన్నీ నివాసేతర భవనాన్నీ వేరుగా చూసింది. న్యాయమైన అద్దె నిర్ణయానికి 1944 ఏప్రిల్ 5కు ముందరి పన్నెండు నెలల అద్దెలను ప్రాతిపదికగా తీసుకుంది. అద్దెదారుని ఖాళీ చేయించడానికి యజమాని చూపగల కారణాలు కూడా వినియోగాన్ని బట్టి మారాయి. నివాస భవనమైతే తన నివాసానికి, నివాసేతర భవనమైతే తన వ్యాపారానికి కావాలని నిరూపించాల్సి ఉండేది. అద్దెకు తీసుకున్న ప్రయోజనానికి భిన్నంగా వాడడం ఖాళీ చేయించడానికి ఒక కారణంగా ఉండేది.

ఈ ఏర్పాటుతో ఒకసారి కొట్టుగా అద్దెకు వెళ్ళిన భాగం తిరిగి ఇల్లుగా మారడం కష్టమైంది. మేడమీద ఉంటున్న యజమాని కింది కొట్టును అదనపు వసతి కోసం అడగడానికి చట్టం కొంత దారి ఉంచినా, ఏళ్ళ తరబడి సాగే వ్యాజ్యానికి సిద్ధపడితేనే అది పనికొచ్చేది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఈ చట్టం ఇచ్చిన మినహాయింపును మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత ప్రభుత్వం వేరే ప్రాతిపదికలపై మినహాయింపులు ఇచ్చింది. ఈ క్రమంలో యజమానులు నేర్చుకున్న పాఠం ఒకటే. పాత కొట్లలో అద్దె నామమాత్రం, పెట్టుబడి దండగ. అద్దెదారు నేర్చుకున్న పాఠం మరొకటి. స్వాధీనమే ఆస్తి. కొట్టు చేతులు మారినప్పుడు గుడ్‌విల్ పేరుతో మారే సొమ్ము ఈ రెండు పాఠాల నుంచి పుట్టిందే.

4.3. ఆస్తి పన్ను, విద్యుత్ ధర

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి ఆస్తి పన్నును వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువపై లెక్కించే పద్ధతి అమలులోకి వచ్చింది. నివాస భవనాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను నిర్ణయించే అవకాశం పురపాలక సంఘాలకు ఉంది. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెంపును 15 శాతానికి పరిమితం చేశారు. మూలధన విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే భూమి, కట్టడాల విలువలు.

ఈ పద్ధతి బజారు వీధి నివాసంపై చూపే ప్రభావాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. మూలధన విలువ 40 లక్షల రూపాయలుగా తేలిన మేడ భాగానికి నివాసమైతే పన్ను 4 వేల నుంచి 20 వేల మధ్య, నివాసేతరమైతే 8 వేల నుంచి 80 వేల మధ్య ఉండవచ్చు. నివాసానికి తక్కువ రేటు ఉన్నమాట నిజమే. కానీ అదే విస్తీర్ణం గల ఇల్లు శివారు కాలనీలో ఉంటే దాని మూలధన విలువ ఇంతకంటే చాలా తక్కువ. బజారు భూమి విలువ మీద ఇంటి పన్ను కట్టవలసిన కుటుంబానికి ఆ భూమి నుంచి బజారు ఆదాయం రాదు. రేటు తగ్గించి ఇచ్చిన ఊరట, విలువ పెరిగినచోట కరిగిపోతుంది.

విద్యుత్ శాఖ వర్గీకరణ కూడా ఇంతే. గృహ వినియోగం ఒక వర్గం, వాణిజ్య వినియోగం మరో వర్గం. గృహ వర్గంలో తక్కువ వాడకానికి తక్కువ ధర వర్తిస్తుంది. ఒకే కట్టడంలో రెండు వినియోగాలు ఉంటే రెండు మీటర్లు ఉండాలి. ఇంటి మీటరుపై సరుకు గది దీపం వెలిగినా వర్గం మార్పు వివాదం రావచ్చు. ఇంటివారే మిషన్ కుట్టినా, పిల్లలకు ట్యూషన్ చెప్పినా ఏది నివాసం, ఏది వ్యాపారం అన్న సరిహద్దు ప్రశ్న ఎదురవుతుంది.

4.4. నిర్మాణ నిబంధనలు

2017లో జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు రోడ్డు వెడల్పు, స్థల విస్తీర్ణం, భవనం ఎత్తు ఆధారంగా చుట్టూ వదలవలసిన ఖాళీనీ, వాహనాలు నిలపడానికి కేటాయించవలసిన చోటునూ నిర్దేశించాయి. గాలి, వెలుతురు, అగ్నిమాపక వాహనం చేరే దారి, రోడ్డుపై రద్దీ తగ్గింపు అన్నవి వీటి లక్ష్యాలు. వాటి ఔచిత్యాన్ని కాదనలేము. చిక్కు పాత స్థలాల ఆకారంలో ఉంది.

20 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు గల స్థలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. విస్తీర్ణం 2,000 చదరపు అడుగులు, అంటే సుమారు 222 గజాలు. రోడ్డు విస్తరణలో ముందు 10 అడుగులు పోతే పటంపై పోయేది పదో వంతు మాత్రమే. కానీ 20 అడుగుల లోతున్న కొట్టులో సగం అక్కడే పోయింది. మిగిలినచోట ముందూ వెనుకా ఖాళీ వదిలి, వాహనాలకు కింది అంతస్తు ఇచ్చి కడితే యజమానికి అత్యంత విలువైన నేల అంతస్తు కొట్టు మిగలదు. సెల్లారులో వాహనాలు నిలుపుదామంటే 20 అడుగుల వెడల్పులో వాలు దారి, మలుపు పట్టవు. భూగర్భజలం మరో అడ్డంకి. కోల్పోయిన భూమికి బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు పత్రం లభించవచ్చు. అయితే ఆ హక్కును ఆ సన్నని స్థలంలోనే వాడుకునే వీలు తక్కువ.

దీని ఫలితం స్పష్టం. యజమాని అనుమతి కోరడు, కూల్చడు, కట్టడు. ఉన్న గోడల మధ్యే మండువా పైకప్పు మూస్తాడు, మేడ గదులను సరుకు గదులుగానో క్లినిక్‌గానో ట్యూషన్ కేంద్రంగానో మారుస్తాడు. నిబంధనలు కొత్త నిర్మాణాన్ని నియంత్రించడానికి రూపొందాయి. మార్పు పాత నిర్మాణం లోపల జరుగుతోంది. ఈ రెండింటి మధ్య దూరమే డెల్టా బజారు వీధుల ప్రస్తుత స్థితికి ప్రధాన కారణం.

5. మేడ ఖాళీ అయ్యే క్రమం

చట్టం ఒక్కటే కుటుంబాన్ని వీధి దాటించలేదు. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు మండువా ఇంటిని ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవడం కష్టం. ఒకరు వాటా తీసుకుని వ్యాపారం కొనసాగిస్తే మిగిలినవారు డబ్బు తీసుకుని కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటారు. చదువుకున్న పిల్లలు హైదరాబాద్‌లోనో విదేశాలలోనో స్థిరపడతారు. కారు కొన్నవారికి వీధిలో దాన్ని నిలిపే చోటు లేదు. జనరేటర్ల చప్పుడు, పగలంతా రద్దీ, మోకాళ్ళు సహకరించని వయసులో నిటారు మెట్లు అన్నీ కలిసి వృద్ధులను సైతం అపార్ట్‌మెంట్ లిఫ్టు వైపు నడిపిస్తాయి.

కుటుంబం వెళ్ళిన తర్వాత మేడకు మూడు గతులు కనిపిస్తాయి. మొదటిది, రోడ్డు వైపు మెట్లు విడిగా ఉన్నట్లయితే అది కార్యాలయంగానో క్లినిక్‌గానో మారుతుంది. రెండవది, మెట్లు కొట్టు లోపలి నుంచే ఉంటే కింది అద్దెదారు దాన్ని సరుకు గదిగా వాడుకుంటాడు. మూడవది, వాటాదారుల మధ్య ఒప్పందం కుదరకపోతే తాళం పడుతుంది. కింద ఉన్న కొట్టు వీధి ముఖం వల్ల అద్దె తెస్తూనే ఉంటుంది కనుక మేడ ఖాళీగా ఉన్నా యజమానికి తొందర లేదు. ఒకటవ అంతస్తు అద్దె నేల అంతస్తు అద్దెలో కొద్ది భాగమే కావడం ఈ నిర్లక్ష్యానికి దోహదం చేస్తుంది.

రెండవ గతి అత్యంత ప్రమాదకరమైనది. పాత కలప దూలాల మేడపై బట్టలు, ప్లాస్టిక్ సరుకు, అట్టపెట్టెలు పేర్చడం, ఒకే ఇరుకు మెట్లదారి, వెనుక పెరడు కూడా మూసివేయడం కలిస్తే అగ్నిప్రమాదంలో బయటపడే మార్గం ఉండదు. రాత్రివేళ అక్కడ మనుషులు నివసించకపోతే పొగను మొదట గుర్తించేవారూ ఉండరు. నివాసం ఉన్న వీధికి సహజంగా ఉండే కాపలా, నివాసం పోయిన వీధికి షట్టర్లు, కెమెరాలు, జీతపు వాచ్‌మన్ రూపంలో కొనుక్కోవలసి వస్తుంది.

6. రాజమహేంద్రవరం: కేంద్రం పలు కేంద్రాలుగా

2011 జనాభా లెక్కల నాటికి మూడు లక్షలు దాటిన రాజమహేంద్రవరం ఇప్పుడు చిన్న పట్టణం కాదు. అయినా దాని అనుభవం చిన్న పట్టణాలకు ముందుచూపునిస్తుంది. పాత మెయిన్ రోడ్డులో పట్టలేని టోకు బట్టల వ్యాపారానికి తాడితోట ప్రత్యేక కేంద్రమైంది. అక్కడి మహాత్మాగాంధీ టోకు వస్త్ర సముదాయానికి ఇతర జిల్లాల నుంచి కూడా వ్యాపారులు వస్తారు. టోకు వ్యాపారానికి లారీ కావాలి, దించే చోటు కావాలి, గోదాము కావాలి. అది పాత వీధి నుంచి బయటపడడం అందరికీ మేలే.

దానవాయిపేట ఉదాహరణ భిన్నమైనది. అది నివాస పేటగా పేరున్న ప్రాంతం. విశాలమైన స్థలాలు, స్టేషనుకూ బజారుకూ అందుబాటులో ఉన్న చోటు కావడంతో వైద్యశాలలు అక్కడికి చేరాయి. ఆసుపత్రి వెంట మందుల కొట్లు, పరీక్షా కేంద్రాలు, టిఫిన్ హోటళ్ళు, రోగుల బంధువులకు గదులు వచ్చాయి. పాత బజారులో నివాసం వ్యాపారం పక్క నుంచి తొలగింది. ఇక్కడ వ్యాపారమే నివాసం మధ్యకు వచ్చింది. మొదటిదానిలో కొనుగోలుదారుడు రాత్రికి వెళ్ళిపోతాడు. రెండవదానిలో అంబులెన్స్ రాత్రి కూడా వస్తుంది. వీధి మురుగు కాలువ గృహాల నీటికి కట్టినది, ఆసుపత్రి భారానికి కాదు. రెండింటినీ “వాణిజ్యీకరణ” అన్న ఒకే మాటతో పిలవడం వల్ల పరిష్కారాలు కూడా తారుమారవుతాయి.

పన్నెండేళ్ళకు ఒకసారి వచ్చే గోదావరి పుష్కరాలు ఈ పట్టణానికి ప్రత్యేకమైన అంశం. 2003, 2015 పుష్కరాల తర్వాత 2027 పుష్కరాలు రానున్నాయి. ఘాట్లకు దారితీసే రోడ్ల విస్తరణకు ఇవి సందర్భాలవుతాయి. కొద్దిరోజుల జనప్రవాహాన్ని దృష్టిలో ఉంచుకుని తీసుకున్న రోడ్డు వెడల్పు నిర్ణయం, మిగిలిన పన్నెండేళ్ళ పాటు ఆ వీధి భూవినియోగాన్ని శాసిస్తుంది. రోడ్డు వెడల్పు పెరిగితే నిబంధనల ప్రకారం ఎత్తైన, పెద్ద వాణిజ్య భవనానికి అర్హత పెరుగుతుంది. అంటే రోడ్డు విస్తరణ రవాణా నిర్ణయంగా కనిపించే భూవినియోగ నిర్ణయం.

7. అమలాపురం: జిల్లా కేంద్రం హోదా తెచ్చిన ఒత్తిడి

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కోనసీమ జిల్లాకు, భీమవరం పశ్చిమ గోదావరికి, రాజమహేంద్రవరం తూర్పు గోదావరికి కేంద్రాలయ్యాయి. 2011లో సుమారు 53 వేల జనాభా ఉన్న అమలాపురానికి ఒక్కసారిగా జిల్లా కార్యాలయాల అవసరం వచ్చిపడింది.

జిల్లా కార్యాలయం బట్టల కొట్టు వంటి వాణిజ్యం కాదు. కానీ భూవినియోగ దృష్టిలో నివాసంపై దాని ఒత్తిడి అంతకంటే బలమైనది. కార్యాలయం వెంట న్యాయవాదులు, డాక్యుమెంట్ రైటర్లు, జెరాక్సు కేంద్రాలు, బ్యాంకు శాఖలు, భోజన హోటళ్ళు వస్తాయి. బదిలీపై వచ్చే ఉద్యోగులకు అద్దె ఇళ్ళూ కావాలి. అంటే ఒకే ఇంటి కోసం నివాసం, కార్యాలయం పోటీ పడతాయి. చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు ఉన్న దీవి పట్టణంలో కొత్త భూమి త్వరగా దొరకదు. ఆ లోటును పాత ఇళ్ళే పూరిస్తాయి.

ఇందులో నష్టపోయేది ఎక్కువగా వాటాలలో ఉండే అద్దె కుటుంబాలు. కొట్టులో గుమాస్తా, ప్రైవేటు బడిలో ఉపాధ్యాయిని, దర్జీ పనిచేసే చోటికి నడిచి వెళ్ళగల దూరంలో ఇంతకాలం ఉండగలిగారు. వాటా కార్యాలయమైతే వారు శివారు గ్రామానికి మారి, రోజూ ఆటో ఖర్చు భరించాలి. ఇంటి అద్దెలో మిగిలినది ప్రయాణంలో పోతుంది. ఇంటి యజమాని లాభం రిజిస్టర్లలో కనిపిస్తుంది. గుమాస్తా నష్టం ఏ పద్దులోనూ నమోదు కాదు.

8. ఇతర అనుభవాల వెలుగులో

నివాస భవనాల వాణిజ్య వినియోగంపై దేశంలో అతిపెద్ద ఘర్షణ ఢిల్లీలో జరిగింది. ఎం.సి. మెహతా కేసులో 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వేలాది దుకాణాలకు సీళ్ళు పడ్డాయి. వ్యాపారుల ఆందోళన చెలరేగింది. 2007 ఫిబ్రవరిలో నోటిఫై అయిన ఢిల్లీ బృహత్ ప్రణాళిక 2021 అనేక వీధులలో షరతులతో మిశ్రమ వినియోగాన్ని అంగీకరించింది. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకోవడం, ఆపై ఒక్కసారిగా సీళ్ళు వేయడం, చివరికి చట్టబద్ధం చేయడం అన్న ఈ క్రమంలో నిబంధన పాటించినవాడే ఎక్కువగా నష్టపోయాడు.

2024 డిసెంబరులో మీరట్‌కు సంబంధించిన కేసులో నివాస స్థలంలో అనుమతి లేకుండా కట్టిన దుకాణాల కూల్చివేతను సుప్రీంకోర్టు సమర్థించింది. ఆమోదిత పటాన్ని అతిక్రమించిన భవనాలకు సేవల అనుసంధానం, బ్యాంకు రుణాల విషయంలో జాగ్రత్త వహించాలని దేశవ్యాప్తంగా వర్తించే ఆదేశాలిచ్చింది. ఆమోదిత పటమే లేని పాత బజారు భవనాలకు ఇది పెద్ద ప్రశ్న. పటం లేని భవనం మరమ్మతుకు రుణం దొరకకపోతే అది చట్టబద్ధం కాదు, శిథిలమవుతుంది.

జేన్ జాకబ్స్ 1961లో వెలువరించిన నగరాల అధ్యయనంలో పట్టణ ప్రాంత సజీవతకు చెప్పిన షరతులలో రెండు ఇక్కడ ప్రస్తావించదగినవి. ఒకటి, రోజులో వేర్వేరు వేళల్లో జనాన్ని తెచ్చే భిన్న వినియోగాలు. రెండు, తక్కువ అద్దెకు దొరికే పాత భవనాలు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారు కొత్త భవనపు అద్దె భరించలేరన్నది ఆమె వాదన. డెల్టా బజారు వీధికి ఈ రెండూ పుట్టుకతో వచ్చాయి. అమెరికా నగరాలు తిరిగి తెచ్చుకోవాలని చూస్తున్నదాన్ని డెల్టా పట్టణాలు గమనించకుండానే పోగొట్టుకుంటున్నాయి.

9. పరిష్కార దిశలు

మొదటి అవసరం అంతస్తుల వారీ గుర్తింపు. ప్రణాళికా పటంలో స్థలానికి ఒకే రంగు వేయడానికి బదులు, గుర్తించిన పాత బజారు వీధులలో నేల అంతస్తు వ్యాపారానికి, పై అంతస్తులు నివాసానికి లేదా నిశ్శబ్ద కార్యాలయాలకు అని నిర్దేశించవచ్చు. రెండవది, వాహనాలు నిలిపే చోటును ఒక్కో స్థలంలో కాక వీధికి ఉమ్మడిగా కల్పించడం. పురపాలక సంఘం ఒకచోట స్థలం చూపి, యజమానుల నుంచి తగిన రుసుము వసూలు చేస్తే సన్నని స్థలాలలో చట్టబద్ధ పునర్నిర్మాణానికి దారి తెరుచుకుంటుంది. మూడవది, కేంద్రంలో నివాసంగా కొనసాగుతున్న పై అంతస్తులకు ఆస్తి పన్నులో విలువ ఆధారంగా కూడా ఊరట ఇవ్వడం. నాలుగవది, విడి మెట్లదారి, వెనుక నిష్క్రమణ మార్గం ఏర్పాటు చేసేవారికి సులభ అనుమతి ఇచ్చి, మేడలను సరుకు గదులుగా వాడడాన్ని కఠినంగా నియంత్రించడం.

వీటికి అభ్యంతరాలు లేకపోలేదు. కింద వ్యాపారం పెరిగితే పైన నివాసం సుఖంగా ఉండదన్నది ఒకటి. పన్ను ఊరటను ఖాళీ మేడల యజమానులు దుర్వినియోగం చేస్తారన్నది మరొకటి. చిన్న పురపాలక సంఘంలో అంతస్తుల వారీగా తనిఖీ చేయగల సిబ్బంది ఉండరన్నది మూడవది. మూడవ అభ్యంతరమే బలమైనది. అయితే ప్రస్తుత నిబంధనల తనిఖీకీ అదే సిబ్బంది చాలడం లేదు. పాటించడం అసాధ్యమైన నిబంధన కంటే పాటించగల నిబంధనను తనిఖీ చేయడం తేలిక.

10. ముగింపు

- గోదావరి డెల్టా పట్టణాలలో బజారు వీధి చారిత్రకంగా మిశ్రమ వినియోగ స్థలం. కాలువ రవాణా, మాగాణి పరిమితులు, సన్నని లోతైన స్థలాలు దానికి రూపమిచ్చాయి. ఆ వీధి సామాజికంగా అందరికీ తెరిచినది కాదు.

- అద్దె చట్టం, పన్ను, విద్యుత్ వర్గీకరణ, ప్రణాళికా పటం వేర్వేరు ఉద్దేశాలతో వచ్చినా, ఇంటినీ కొట్టునూ విడదీయడంలో ఒకే దిశలో పనిచేశాయి.

- నిర్మాణ నిబంధనలు పాత స్థలాల ఆకారానికి సరిపడకపోవడంతో పునర్నిర్మాణం ఆగి, అనుమతి లేని అంతర్గత మార్పిడి పెరిగింది. అగ్నిప్రమాద భయం ఇందులోని ప్రత్యక్ష నష్టం.

- మెయిన్ రోడ్డు, తాడితోట, దానవాయిపేట, అమలాపురం అనుభవాలు వాణిజ్యీకరణ ఒకే రకమైనది కాదని నిరూపిస్తున్నాయి. టోకు వ్యాపారం, వైద్యం, ప్రభుత్వ కార్యాలయం, చిల్లర వ్యాపారం నివాసంపై చూపే ఒత్తిడి వేర్వేరు.

- స్థలం ప్రాతిపదికగా కాక అంతస్తు ప్రాతిపదికగా భూవినియోగాన్ని నిర్ణయించడం ఈ పట్టణాల స్వభావానికి తగిన మార్గం.

కొత్త జిల్లా కేంద్రాల బృహత్ ప్రణాళికలలో పాత బజారుకు ఏ రంగు వేస్తారన్నది సాంకేతిక విషయంగా కనిపించవచ్చు. ఆ మేడలలో ఇంకా దీపం వెలిగించుకుంటున్న కుటుంబాలు అక్కడ ఉంటాయా లేదా అన్నది ఆ రంగు మీదనే ఆధారపడి ఉంది. వీధుల వారీగా, అంతస్తుల వారీగా ప్రస్తుత వినియోగాన్ని నమోదు చేసే క్షేత్రస్థాయి సర్వేలను డెల్టాలోని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు చేపట్టినట్లయితే ఆ నిర్ణయానికి తగిన ఆధారం లభిస్తుంది.